మూడో లోపం

ఆమె పేరు ఇక్కడ రాయను. రాయొద్దని ఆమె అనలేదు. బతికుండగా అడిగి ఉంటే రాయమనే చెప్పేది. కానీ వాళ్ళ అన్న ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలు ఇద్దరున్నారు. ఈ జబ్బు ఫలానా ఇంట్లో ఉందని అచ్చులో కనిపిస్తే ఆ పిల్లల్ని చూడడానికి బయటివాళ్ళు రారు. బయటివాళ్ళు రాకపోతే మళ్ళీ మేనమామ కొడుకో, మేనత్త కొడుకో దిక్కవుతాడు. వద్దని ఆమె జీవితమంతా మొత్తుకున్నది అదే. అందుకని పేరు లేకుండానే రాస్తున్నాను.

మా అమ్మాయికి పుట్టుకతో తలసీమియా. ఒంట్లో రక్తం పుడుతుంది గానీ నిలవదు. మూడు వారాలకోసారి ఎవరిదో రక్తం తెచ్చి ఎక్కించాలి. పన్నెండేళ్ళుగా గూడూరు నుంచి నెల్లూరుకు అదే పని మీద తిరుగుతున్నాం. పోయిన నెలలో ఒక మంగళవారం వార్డులోకి అడుగు పెట్టగానే నర్సు నన్ను పక్కకు పిలిచి, అవ్వ నిద్రలోనే పోయింది సార్ అని చెప్పింది. తలుపు పక్కన ఆమె కూర్చునే చోట ఎవరో సంచి పెట్టి ఉన్నారు. మా అమ్మాయి ఆ సంచిని తీసి అవతల పెట్టి, మంచం ఎక్కి చెయ్యి చాపింది.

ఆ వార్డులో ఆమెకు మంచం లేదు. ఆమెకు ఎవరూ ఎప్పుడూ రక్తం ఎక్కించలేదు. అయినా మంగళవారం, శుక్రవారం పులికాట్ ఒడ్డు నుంచి తొలి బస్సుకు బయలుదేరి వచ్చేది. నేను చూసేనాటికే యాభై దాటింది. పన్నెండేళ్ళ పిల్లంత ఎత్తు. కళ్ళలో తెలుపు ఉండాల్సిన చోట పసుపు. ఎడమ చీలమండ దగ్గర ఎప్పటికీ మానని పుండు, దానికి పాతచీర పేలిక కట్టు. ఎండుచేపల వాసన ఆమె కంటే ముందు లోపలికి వచ్చేది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, పిల్లలకు ఎక్కుతున్న రక్తం చుక్కల్ని చూసేది. చాలాసేపు రెప్ప వేసేది కాదు.

కొత్తగా వచ్చిన తల్లులు ఆమెను చూసి భయపడేవాళ్ళు. అందుకు కారణం ఆమె మొహం. ఈ జబ్బులో ఎముకల లోపలి మూలుగ, చాలని రక్తాన్ని ఎలాగైనా తయారు చేయాలని పనిచేసి పనిచేసి ఉబ్బుతుంది. నుదురు ముందుకు వస్తుంది, చెంప ఎముకలు లేస్తాయి, ముక్కు దూలం అణుగుతుంది, పై పళ్ళు బయటికి వస్తాయి. వేళకు రక్తం అందని పిల్లలు ఏ ఊళ్ళో పుట్టినా, ఏ కులంలో పుట్టినా చివరికి అందరికీ ఒకే మొహం వస్తుంది. కన్నవాళ్ళ పోలిక పోయి ఆ మొహం మిగులుతుంది. వార్డులో అలాంటి పిల్లలు నలుగురైదుగురు ఒకేసారి పడుకుని ఉంటే, తలుపు దగ్గర ఈమె కూర్చుని ఉంటే, చూసినవాళ్ళకు అందరూ ఈమె కన్నబిడ్డలే అనిపించేది. కొత్త తల్లి తన బిడ్డ మొహం మీదికి కొంగు లాక్కునేది.

ఆమె లేచి వచ్చేది. బిడ్డ కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి లోపలి రంగు చూసేది. ఎడమ డొక్క మీద చెయ్యి వేసి, ప్లీహం ఎంత ఉబ్బిందో వేళ్ళతో కొలిచేది. తర్వాత ఒక పేరు పెట్టి పిలిచేది. ఆమె దగ్గర ఉన్నవి నాలుగే పేర్లు: పెద్దోడు, నడిపోడు, చిన్నది, బుడ్డోడు. ముద్దుగా పిలుస్తోందని మొదట్లో అందరం అనుకున్నాం. వాళ్ళు నలుగురూ ఆమె తోబుట్టువులని, ఇదే జబ్బుతో పోయారని తర్వాత తెలిసింది. బుడ్డోడు నడక రాకముందే పోయాడు. నడిపోడు నాలుగేళ్ళు, పెద్దోడు ఆరేళ్ళు, చిన్నది తొమ్మిదేళ్ళు బతికారు. ఏ బిడ్డ పరిస్థితి ఎవరి పరిస్థితిలా ఉందో ఆ పేరుతో పిలిచేది. ఈ లెక్క తెలిశాక, ఏ పేరు వస్తుందోనని తల్లులు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. వేళ తప్పకుండా రక్తం ఎక్కించుకున్న బిడ్డను కొన్ని నెలల తర్వాత మళ్ళీ తడిమి చూసి ఏ పేరూ లేకుండా "పాపా" అనేది. ఆ మాట కోసమే రెండు జిల్లాల అవతల నుంచి వచ్చేవాళ్ళున్నారు.

రక్తపు సంచి నిలవ గది నుంచి వచ్చేటప్పుడు చల్లగా ఉంటుంది. అది ఎక్కితే పిల్లలకు వణుకు పుడుతుందని, సంచి అందుకుని కొంగు కింద పొట్టకు ఆనించి పట్టుకునేది. అలా చేయకూడదని, రక్తం చెడిపోతుందని నర్సు కోప్పడేది. "చెడిపోయిన రక్తంతోనే గదమ్మా నేను యాభై దాటినా" అని ఆమె జవాబు. నర్సు నవ్వుతూనే సంచి లాక్కునేది. మళ్ళీ వారం ఇదే జరిగేది. తల్లులు రక్తం పడుతుందని పిల్లలకు ఇనుము టానిక్కు పోస్తుంటారు. ఈ పిల్లల ఒంట్లో ఎక్కించిన రక్తంతోపాటు వచ్చిన ఇనుమే ఎక్కువై గుండెనూ కాలేయాన్నీ తింటుంది. ఎవరి సంచిలోనైనా ఆ సీసా కనిపిస్తే ఆమె అడగకుండా తీసి కొళాయి కింద ఒంపేసి, కడిగిన ఖాళీ సీసాను మళ్ళీ సంచిలోనే పెట్టేది.

ఊళ్ళో ఆమెకు వేరే పేరుంది. ఆమె అమ్మను సొంత మేనమామకే ఇచ్చి చేశారు. ఆరుగురు పిల్లలు. అన్న ఒక్కడికీ ఏమీ కాలేదు. మిగిలిన ఐదుగురికీ ఒకటే మొహం, ఒకటే పసుపు కళ్ళు. నలుగురు పోయి ఈమె మిగిలింది కాబట్టి, తోబుట్టువుల్ని తిని బతికింది అన్నారు. పెళ్ళి మాట ఎత్తలేదు. వల కొత్తగా నీళ్ళలోకి దించే రోజు ఆమెను ఒడ్డుకు రానిచ్చేవాళ్ళు కాదు. ఇవన్నీ ఆమె నాకు ఫిర్యాదుగా చెప్పలేదు. ఎందుకు బతికానో తెలుసుకోవాలని మాత్రం ఆమెకు ఉండేది.

అది వార్డులోని డాక్టరమ్మ కనిపెట్టింది. ఒకసారి ఆమె రక్తం తీసి జన్యుపరీక్షకు పంపించింది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు లోపాలూ ఆమెకు వచ్చాయి. పోయిన నలుగురికీ వచ్చి ఉండాల్సినవి అవే. కానీ ఆమెకు ఇంకో చోట ఇంకో లోపం ఉంది. రక్తంలోని ఎర్ర పదార్థం రెండు రకాల గొలుసులు జతపడితే తయారవుతుంది. ఈ జబ్బులో ఒక రకం గొలుసు పుట్టదు. జత దొరకని రెండో రకం కుప్ప పడి, కణాన్ని లోపలి నుంచే పగలగొడుతుంది. ఆమెలో మూడో లోపం వల్ల ఆ రెండో రకం కూడా తక్కువ పుట్టింది. కుప్ప పడేది తగ్గింది. అందుకని నీరసంగానైనా బతికింది.

డాక్టరమ్మ ఇంత చెప్పాక ఆమె మాకందరికీ తన మాటల్లో చెప్పింది. "పడవకు రెండు పక్కలా ఇద్దరు తెడ్డెయ్యాల. ఒక పక్కోడు చచ్చుబడితే పడవ గిర్రున తిరిగి మునుగుతాది. నా పడవలో రెండో పక్కోడికీ సత్తువ లేదు. అందుకని అది నిదానంగా పోతా ఉండాది." తర్వాత నా వైపు తిరిగింది. "అందరూ నాకు జబ్బు తక్కువ అనుకునేవోళ్ళు సారూ. నాకు ఒక లోపం ఎక్కువంట."

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, తల్లిదండ్రులు ఇద్దరిలోనూ లోపం దాగి ఉంటే నలుగురు పిల్లల్లో ఒకరికి జబ్బు రావచ్చని ఏటా చెప్పేవాణ్ణి. నా భార్య మా మేనమామ కూతురు. ఆ గళ్ళలో మమ్మల్ని పెట్టుకుని నేనెప్పుడూ చూడలేదు.

మా అమ్మాయి రిపోర్టు కూడా అప్పట్లోనే వచ్చింది. మనుబోలు దగ్గర పొలాలున్న మా ఇంటి పిల్లకూ, పులికాట్‌లో చేపలు పట్టే ఇంటి ఆమెకూ జన్యువులో ఒకే చోట ఒకే అక్షరం మారి ఉంది. ఎన్నో తరాల వెనక ఇద్దరికీ ఒకే మనిషి నుంచి వచ్చి ఉంటుందని డాక్టరమ్మ అంది. ఆమె అది విని నవ్వింది. "మీ ఇంటికొస్తే నాకు వేరే గ్లాసులో నీళ్ళిస్తారు. మనకిది ఇచ్చిన ఆ ముసిలమ్మకు ఏ గ్లాసులో ఇచ్చినారో" అంది. నేనూ నవ్వాను. కానీ నా మనసు వేరే చోట పట్టుకుంది. ఒకే మార్పు. ఆమె ఏ రక్తమూ ఎక్కించుకోకుండా యాభై దాటింది.

అప్పటికి మా అమ్మాయికి నాలుగున్నరేళ్ళు. ఎక్కించిన ప్రతిసారీ దాని ఒంట్లో ఇనుము పెరుగుతోంది. సూది కోసం నరం దొరక్క నర్సులు పాదాల్లో వెతికేవాళ్ళు. నేను పుస్తకాలు చదివాను. ఒకే మార్పు ఉన్నా కొందరిలో జబ్బు తేలిగ్గా ఉండవచ్చని చదివాను. అది ఎందుకో కూడా ఆ పేజీలోనే ఉంది. మూడో లోపం మా అమ్మాయికి ఉందో లేదో పరీక్ష చేయించవచ్చు. చేయించలేదు. లేదని తేలితే ఏం చేయాలో నాకు తెలుసు కాబట్టే చేయించలేదు.

మూడు వారాలను నాలుగు చేశాను. తర్వాత ఐదు, ఏడు. చివరికి తీసుకుపోవడమే మానేశాను. బిడ్డ ఆడుకుంటూనే ఉంది. వార్డు నుంచి ఫోన్ వస్తే చెన్నైలో ఎక్కిస్తున్నామని అబద్ధం చెప్పాను. నా భార్య ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. "నీ చదువంతా నా బిడ్డ మీదనా పరీక్ష పెట్టేది?" అని ఒకరోజు అడిగి, ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేసింది. ఏడాదిన్నర ఇలా గడిచింది.

మే నెల, మిట్టమధ్యాహ్నం. నిమ్మకాయల మార్కెట్లో హమాలీలు కూడా గోనెల మీద పడుకుని ఉండే వేళ. వీధిలో మనిషి లేడు. ఎండుచేపల వాసన వచ్చింది. తలుపు తీస్తే మెట్టు మీద ఆమె నిలబడి ఉంది. మా ఇల్లు ఆమెకు తెలియదు. నేనెప్పుడూ అడ్రసు చెప్పలేదు. వీధి పేరు కూడా చెప్పలేదు. ఎలా కనుక్కున్నావని అడిగాను.

"బస్టాండు కాడ్నించి అడగతా వచ్చినా. నా మాదిరి మొకం ఉండే బిడ్డ యాడుందబ్బా అని అడిగినా. ముగ్గుర్ని అడిగినా సారూ. ముగ్గురూ ఈ ఇల్లే చూపించినారు."

వెనక్కి తిరిగాను. లోపల చాప మీద అమ్మాయి నిద్రపోతోంది. రోజూ చూస్తున్న మొహం. ఆ క్షణంలో మొదటిసారి బయటివాడిలా చూశాను. నుదురు. చెంపలు. వీధి అంతటికీ తెలిసింది నాకు తెలియలేదు.

ఆమె లోపలికి రాలేదు. గడప దగ్గర కూర్చుని, అమ్మాయి పాదం ఒకటి చేతికి అందితే దాన్ని పట్టుకుంది. నా భార్య నీళ్ళు తెచ్చింది. ఆ రోజు ఏ గ్లాసులో తెచ్చిందో నేను చూడలేదు. ఆమె తాగకుండా పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

"మా చిన్నది కూడా ఇట్టనే నిద్రపోయేది. నాకంటే రెండేళ్ళు చిన్న. ఆడేది, పాడేది, నాతో సమంగా ఉరికేది. మా ఊరికి పడవలో వచ్చే డాక్టరు దాన్ని నెల్లూరు తీసకపోండి, రక్తం ఎక్కించాల అన్నాడు. మా అమ్మ నన్ను చూపించింది. ఇదిగో ఇది బతికుండాది గదా, ఇదీ అట్టనే బతుకుతాదిలే అనింది. తొమ్మిదో ఏట ఒక పగలు, ఇసకలో వల పరిచి ఉంటే దాని మీద కూర్చొని, అక్కా, లెయ్యలేక పోతుండా అనింది. నేను ఆట అనుకున్నా." పాదం మీది దుమ్ము తుడిచింది. "ఊళ్ళోవోళ్ళు నేను తిన్నానంటారు. ఒక లెక్కన నిజమే. నేను బతికి ఉండబట్టే అది పోయింది. నువ్వు కూడా నన్ను చూసే గదా సారూ ఆపినావు?"

అవునన్నాను.

"నన్ను చూసి బతికినోళ్ళు లేరు. ఈ బిడ్డ మా చిన్నదే. లెయ్యి."

ఆ సాయంత్రమే నెల్లూరు వెళ్ళాం. పన్నెండు గ్రాములు ఉండాల్సిన రక్తం నాలుగుకు పడిపోయింది. ఇంకో వారమైతే గుండె తట్టుకునేది కాదన్నారు. డాక్టరమ్మ మూడో లోపానికి పరీక్ష చేసింది. లేదు. ఆ రోజు నుంచి ఒక్క విడతా తప్పలేదు. రెండేళ్ళ తర్వాత అవ్వ మా అమ్మాయిని "పాపా" అంది. బలం వచ్చింది, డొక్కలో వాపు తగ్గింది. మొహం మాత్రం తిరిగి రాలేదు. ఎముక ఒకసారి పెరిగాక అంతే. వార్డులో దాని ఈడు పిల్లలు, వేళకు ఎక్కించుకున్నవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నల పోలికలోనే ఉంటారు. తనకే ఎందుకిలా అయిందని అమ్మాయి ఒకటి రెండుసార్లు అడిగింది. జబ్బు తీరు అంతేనన్నాను.

అవ్వ పోయిన పదకొండో రోజు కార్యానికి నేనూ అమ్మాయీ వెళ్ళాం. సూళ్ళూరుపేటలో దిగి ఆటోలో పోయాం. నీళ్ళు చాలా దూరం వెనక్కి తగ్గి, ఊరి ముందు తెల్లటి బురద పరుచుకుని ఉంది. వాళ్ళ అన్న ఇంట్లో గోడకు ఒక పాత స్టూడియో ఫోటో ఉంది. అమ్మ, నాన్న, ముందు వరసలో పిల్లలు. అన్నను గుర్తుపట్టవచ్చు. మిగిలిన వాళ్ళది ఒకే మొహం. అందులో మీ చెల్లెలు ఎవరని అడిగాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తనకు తెలియదన్నాడు. ఎవరెవరో ఆమెకు ఒక్కదానికే తెలుసట. ఫోటో అద్దంలో నా వెనక నిలబడిన మా అమ్మాయి మొహం కూడా ఆ వరసలో పడింది. నేను దాన్ని అక్కడి నుంచి జరగమన్నాను.

వెనక్కి తిరిగితే ఆయన మనవరాలు గోడకు చేరబడి, ఏడాది నిండని బిడ్డకు పాలిస్తోంది. ఆ పిల్లను మేనత్త కొడుక్కే ఇచ్చారని, అవ్వ ఆ పెళ్ళికి వెళ్ళలేదని నాకు తెలుసు. బిడ్డ రెండు గుక్కలు తాగి ఆయాసంతో వదిలేస్తోంది. పెదాలు కాగితంలా ఉన్నాయి. అవ్వ చూసిందా ఈ బిడ్డను అని ఆ పిల్లను అడిగాను. చూసిందట, వెంటనే నెల్లూరు తీసుకురమ్మని పోరిందట. తనే మోసుకుపోతానని కూడా అందట.

పెద్దాయన చెయ్యి ఊపాడు. "మా చెల్లెలికి ఎవురు ఎక్కించినారు సారూ రక్తం? ఇదీ దాని పోలికే పుట్టింది. దాని మాదిరే బతుకుతాది."

చుట్టూ కూర్చున్నవాళ్ళు తలలూపారు. ఆమె మాట మా బోటి పరాయివాళ్ళం విన్నాం. కంటి ముందు ఆరు పదుల ఏళ్ళు తిరిగిన మనిషి, 'నన్ను చూసి నమ్మొద్దు' అంటే సొంత మనుషులు ఎలా వింటారు?

గళ్ళు గీసి చెబితే వాళ్ళు నమ్మరని నాకు తెలుసు. నా దగ్గర రుజువు ఒకటే ఉంది. అది పక్కన నిలబడి ఉంది. దాని భుజం మీద చెయ్యి వేసి ముందుకు తెచ్చాను.

"ఇది జబ్బు ఇచ్చిన మొహం కాదు. నేను ఇచ్చింది. మీ చెల్లెల్ని చూసి, నా బిడ్డ కూడా అట్లాగే బతుకుతుందని ఏడాదిన్నర రక్తం సరిగా ఎక్కించలేదు. మీ చెల్లెలు మా ఇంటికి వచ్చి చెప్పకపోతే ఇది ఈరోజు ఉండేది కాదు."

అమ్మాయి తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపును వర్ణించను. తర్వాత నా చెయ్యి కింద నుంచి తప్పుకుని, పోయి ఆ తల్లి ఎదురుగా, వెలుతురు తన మీద పడేలా కూర్చుంది. ఆ తల్లి దాని మొహం తేరిపార చూసి, నొప్పి పుడతాదా పాపా అని అడిగింది.

"సూది గుచ్చేటప్పుడే. మళ్ళీ నిద్రొస్తాది. లేస్తే ఆకలేస్తాది" అంది మా అమ్మాయి.

పెద్దాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తల్లి మంగళవారం ఎన్నింటికి రావాలని అడిగింది. చెప్పాను.

తిరుగు బస్సులో అమ్మాయి నా పక్కన కూర్చోలేదు. రెండు సీట్లు ముందు, కిటికీ దగ్గర కూర్చుంది. నాయుడుపేట దాటినా వెనక్కి చూడలేదు. గూడూరులో దిగాక కూడా నా కంటే ముందు నడిచింది. బస్టాండు బయట ఆగి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఆ బిడ్డది ఏ గ్రూపు?"

తెలియదన్నాను. అడగలేదన్నాను.

"అడగాల గదా. మంగళవారానికి రక్తం దొరకొద్దా? ఫోన్ చెయ్యి."

నాన్నా అనలేదు. నేను ఫోన్ తీశాను.